చప్పుడు విని ఇంజను పేరు చెప్పే ఊరు

డబ్ల్యూ, ఎల్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే మామూలు ప్రయాణికుడి గుండె జారుతుంది. టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉందన్నమాట. రైలు ప్రియులకు మాత్రం ఆ రెండక్షరాలతో పెద్ద సరదా ఉంది. వరంగల్ స్టేషన్ కోడ్ అదే. లెవెల్ క్రాసింగ్‌కు ముందు పట్టాల పక్కన పసుపు పలక మీద రాసి ఉండేదీ అదే. గేటు వస్తోంది, కూత వేయమని డ్రైవరుకు ఆదేశం. బ్రాడ్‌గేజ్ మీద నడిచిన ఒక తేలికపాటి ఆవిరి ఇంజను తరగతి పేరూ అదే. అంతటితో ఆగలేదు. 1995 డిసెంబరు 6న జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య నడిచిన బండితో దేశంలో బ్రాడ్‌గేజ్ ఆవిరి యుగం ముగిసింది. ఆ బండిని లాగింది కూడా డబ్ల్యూఎల్ తరగతి ఇంజనే. వరంగల్ వాళ్లకు ఇందులో ఏ వాటా లేకపోయినా, ఈ మాట చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం పలుకుతుంది.

ఇలాంటి అక్షరాల ఆటతో మొదలైన కబుర్లు ఎంత దూరం పోతాయో బయటివాళ్లు ఊహించలేరు. కాజీపేట ప్లాట్‌ఫారం చివర నీడ చూసుకుని నిలబడే నలుగురైదుగురిని గమనించండి. వాళ్లకు బండి ఎక్కే పని లేదు, ఎవరినీ సాగనంపడానికీ రాలేదు. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని, వచ్చిన ఇంజను నంబరు రాసుకుని, దాని పక్కన రాసి ఉన్న షెడ్డు (ఇంజన్లను ఉంచి బాగుచేసే చోటు) పేరు చదివి, అది ఏ ఏటి తయారీయో, ఇంతకుముందు ఏ షెడ్డులో ఉండేదో వాదించుకుంటారు. పనీపాటా లేనివాళ్ల కాలక్షేపమని దీన్ని కొట్టిపారేయడం సులువే. అయితే వరంగల్, కాజీపేట, డోర్నకల్, రామగుండం, బెల్లంపల్లి వైపు ఈ ఇష్టానికి వేరు లోతుగా ఉంది. ఇంటి వెనక షెడ్డులోంచి, నాన్న చొక్కాకు అంటిన నూనె వాసనలోంచి, అర్ధరాత్రి వినిపించిన కూతలోంచి అది పుట్టింది. చప్పుడు విని ఇంజనును, పొగ చూసి దాని ఆరోగ్యాన్ని పోల్చుకోగల చెవి, కన్ను ఈ ఊళ్లలో తయారయ్యాయి. ఇక్కడి రైలు ప్రియులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటున్న అసలు సరుకు ఆ పనితనపు తెలివి. ఇనుము పోయినా అది కొంతకాలం బతుకుతుంది. ఎంతకాలం అన్నదే ప్రశ్న.

ముందుగా ఆ తెలివికి అక్షరాభ్యాసం. ఇంజను పేరులో మొదటి అక్షరం పట్టాల వెడల్పు చెబుతుంది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, వై అంటే మీటర్ గేజ్, జెడ్ అంటే న్యారో గేజ్. తర్వాత డి ఉంటే డీజిల్, ఎ ఉంటే ఏసీ విద్యుత్తు. ఆవిరి ఇంజనుకు ఆ అక్షరమే ఉండదు, ఎందుకంటే ఈ పేర్లు పెట్టిన కాలంలో ఇంజను అంటేనే ఆవిరి. చివర పి ఉంటే ప్రయాణికుల బండికి, జి ఉంటే గూడ్సుకు, ఎం ఉంటే రెండింటికీ. ఈ లెక్కన డబ్ల్యూపీ అంటే బ్రాడ్‌గేజ్ ప్రయాణికుల ఆవిరి ఇంజను, డబ్ల్యూజీ దాని గూడ్సు తమ్ముడు. డబ్ల్యూడీఎం-2 అంటే బ్రాడ్‌గేజ్ మీద అన్ని పనులూ చేసే డీజిల్. షెడ్డు కోడ్ కేజెడ్‌జే అని ఉంటే అది కాజీపేట బిడ్డ. చెన్నైలోనో నాగపూర్‌లోనో బండి దిగినప్పుడు ముందున్న ఇంజను మీద ఆ మూడక్షరాలు చూసి సొంతూరి మనిషి ఎదురుపడ్డట్టు సంబరపడేవాళ్లు ఈ జిల్లాలో ఉన్నారు.

ఈ ఊళ్లకూ రైలుకూ ముడి ఎలా పడిందో తెలియకుండా ఈ సంబరం అర్థం కాదు. నిజాం సొంత రైల్వేకు మొదటి పట్టాలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు పడ్డాయి. అక్కడి నుంచి తూర్పుకు పొడిగించిన దారి 1886లో వరంగల్‌ను, 1889లో బెజవాడను చేరింది. ఈ పొడిగింపు నడిపిన కంపెనీ 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' పేరులో 'గ్యారంటీడ్' అన్న మాట ఊరికే లేదు. పెట్టుబడి మీద ఏటా అయిదు శాతం వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నిజాం ప్రభుత్వం పూచీ పడింది. బండి నడిచినా నడవకపోయినా లండన్ వాటాదారుకు నష్టం లేదన్నమాట. ఈ ఒప్పందం వివరాలు జనానికి చెప్పాలని 1883లో హైదరాబాద్‌లో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు గొంతెత్తారు. చాందా రైల్వే ఆందోళనగా పేరుపడిన ఆ గొడవలో సరోజినీ నాయుడి తండ్రి అయిన అఘోరనాథ్ ఉద్యోగం పోగొట్టుకుని రాజ్య బహిష్కారానికి గురయ్యారు. పాత ఇంజన్ల ఫొటోల కింద 'ఆ రోజులే వేరు' అని రాసుకునేవాళ్లు ఈ సంగతినీ ఒకసారి తలచుకుంటే మంచిది. ఆ రోజుల్లోనూ రైలు లెక్కలు అడిగినవాడికి ఊరు విడిచే శిక్ష పడింది.

చాందా అంటే నేటి చంద్రపూర్. అటువైపు వెళ్లే దారి పూర్తి కావడానికి మాత్రం 1920ల చివరి దాకా ఆగాల్సి వచ్చింది. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా బల్లార్షా వరకు పట్టాలు కలిశాక ఢిల్లీకి, మద్రాసుకు మధ్య దారి దగ్గరైంది. 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. అప్పటిదాకా ఒక మామూలు స్టేషనుగా ఉన్న కాజీపేట మూడు దిక్కులకు దారి తీసే జంక్షన్ అయింది. ఈనాటికీ ఆ మూడు దారుల లెక్క ప్రయాణికులను తికమక పెడుతూనే ఉంటుంది. ఢిల్లీ నుంచి హైదరాబాద్ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది. చుట్టాలను తీసుకురావడానికి వెళ్లి ఒక స్టేషనుకు బదులు ఇంకో స్టేషన్లో నిలబడని ఇల్లు హనుమకొండలో అరుదు.

ఈ దారి మీద రైలుకు తిండి కూడా ఇక్కడిదే. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి అక్కడికి వేసిన కొమ్మ దారి బొగ్గు కోసమే పుట్టింది. తర్వాత బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం గనులు తోడయ్యాయి. బొగ్గును మోసే బండి, ఆ బొగ్గునే తిని నడిచేది. సింగరేణి కార్మికుడికీ, ఇంజనులో బొగ్గు వేసే రైల్వే ఫైర్‌మన్‌కూ మధ్య ఉన్న ఈ చుట్టరికం గురించి రైలు ప్రియుల కబుర్లలో పెద్దగా వినిపించదు. ఇంజను ముక్కు మీద నక్షత్రం ఎలా మెరిసేదో గంటసేపు చెప్పుకుంటారు. దాని పొట్టలోకి వెళ్లిన బొగ్గు ఏ గనిదో, బూడిద ఎక్కువైన బొగ్గుతో ఆవిరి నిలపడానికి ఎన్ని తంటాలు పడేవారో అడిగేవాళ్లు తక్కువ.

ఆ నక్షత్రం మాత్రం నిజంగానే చూడదగ్గది. డబ్ల్యూపీ ఇంజనుకు ముందు భాగం తూటా మొనలా గుండ్రంగా ఉండి, నడుమ దీపం, దాని చుట్టూ నక్షత్రపు రెక్కలు ఉండేవి. 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ నుంచి మొదటి పదహారు వచ్చాయి. 1967 దాకా తయారైనవన్నీ కలిపి 755. షెడ్ల మధ్య వీటికి అందాల పోటీలు కూడా జరిగేవి. రంగులు, ఇత్తడి పట్టీలు, దేవుళ్ల బొమ్మలు, పూలదండలతో ఒక్కో షెడ్డు తన ఇంజనును పెళ్లికూతురిలా ముస్తాబు చేసేది. దాని పక్కన డబ్ల్యూజీ మొరటు మనిషి. అలంకారం లేదు, మొనదేలిన ముక్కు లేదు, కానీ చిత్తరంజన్ కార్ఖానా 1950లో మొదలైంది దానితోనే, 1970లో 'అంతిమ సితార' అన్న పేరుతో చివరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజనుగా బయటికి వచ్చిందీ అదే. దేశంలో రెండు వేల నాలుగు వందలకు పైగా ఉండేవి. బొగ్గు దారిలో అసలు బరువు మోసింది ఈ మొరటు మనిషే అయినా, ఫొటోల్లో వాటా మాత్రం అందగాడిదే.

వరంగల్ దారిలో డబ్ల్యూపీకి దక్కిన పెద్ద పేరు గోల్కొండ ఎక్స్‌ప్రెస్. 1969లో విజయవాడ, సికింద్రాబాద్ మధ్య మొదలైనప్పుడు అది దేశంలో ఆవిరి ఇంజనుతో నడిచే బండ్లలో అన్నిటికంటే వేగమైనది. సగటున గంటకు 58 కిలోమీటర్లు. వందే భారత్‌లో సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు వచ్చేవారికి ఈ అంకె నవ్వు తెప్పించవచ్చు. కానీ సగటు అంటే ఆగిన చోట్లన్నీ కలిపిన లెక్క. దారిలో నీళ్లు పట్టాలి, నిప్పు సరిచేయాలి, ఆ పనంతా మనిషి చేత్తోనే జరగాలి.

ఆ వేగం చెవికి ఎలా వినిపించేదో లెక్క కట్టవచ్చు. ఆవిరి ఇంజనుకు రెండు పక్కలా ఒక్కో సిలిండరు ఉంటుంది. ముషలకం (పిస్టన్) ముందుకు వెళ్లినా వెనక్కి వచ్చినా ఆవిరి తోస్తుంది కాబట్టి, చక్రం ఒక్కసారి తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగుసార్లు ఆవిరి బయటికి చిమ్ముతుంది. పిల్లలు 'చుక్ చుక్' అని అనుకరించేది దీన్నే. డబ్ల్యూపీ పెద్ద చక్రం వ్యాసం సుమారు 1.7 మీటర్లు, ఒక్క చుట్టుకు బండి అయిదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. మనిషి నడక వేగంతో స్టేషను విడిచేటప్పుడు సెకనుకు ఒక చుక్ వినిపిస్తుంది. గంటకు 60 కిలోమీటర్లు అందుకునేసరికి సెకనుకు పన్నెండు అవుతాయి, విడివిడిగా లెక్కించడం ఇక చెవి వల్ల కాదు. మద్దెల మీద వేళ్లు పరిగెత్తినట్టు ఒకే మోత. కాజీపేట రైల్వే కాలనీలో పెరిగినవాళ్లు బండి స్టేషను దాటి ఎంత దూరం పోయిందో మంచంలో పడుకునే చెప్పగలిగేవారంటే అందులో వింత లేదు. నాలుగు చప్పుళ్లలో ఒకటి కుంటితే వాల్వు సర్దుబాటు తప్పిందని ఫిట్టరుకు ఇంజను షెడ్డులోకి రాకముందే తెలిసిపోయేది.

ఇంజను మీద వల్లమాలిన ప్రేమకు ఇంకో కారణం ఉద్యోగపు పద్ధతిలో ఉంది. ఆవిరి కాలంలో పెద్ద బండ్లు లాగే ఇంజనును ఫలానా డ్రైవర్ల జట్టుకే అప్పగించేవారు. రోజూ అదే ఇంజను, అదే ఫైర్‌మన్. దాని అలకలు, మొండితనాలు, ఏ ఎత్తు దగ్గర ఆయాసపడుతుందో వాళ్లకు తెలిసేది. ఇత్తడి తుడవడం, కూత గొట్టాన్ని తమకు నచ్చిన స్వరానికి బిగించుకోవడం ఈ సొంతదనంతో వచ్చినవే. ఆ మనిషి ఎదిగిన తీరు కూడా ఇంజనుతోనే ముడిపడి ఉండేది: క్లీనరుగా చేరి బూడిద ఎత్తి, రెండో ఫైర్‌మన్‌గా బొగ్గు పగలగొట్టి, మొదటి ఫైర్‌మన్‌గా పార పట్టి, షంటరుగా యార్డులో ముందుకూ వెనక్కూ తిరిగి, జుట్టు నెరిసే వేళకు డ్రైవరు అయ్యేవాడు. రాత్రి పూట డ్యూటీ ఉంటే కాల్ బాయ్ లాంతరుతో ఇంటికి వచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. భార్య లేచి టిఫిన్ కట్టేది. ఇనుప లైన్ బాక్సు తల మీద పెట్టుకుని బాక్స్ బాయ్ ముందు నడిచేవాడు. ఒక ఇంజను నంబరు రేషన్ కార్డు నంబరులా ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేది ఇందువల్లే. ఇప్పుడు ఇంజను ఎవరిదీ కాదు. కాజీపేట మనిషి కాన్పూర్ ఇంజనును బల్లార్షా దాకా నడిపి దిగిపోతాడు. అది ఇంకొకరి చేతిలో పడి సాగిపోతుంది. యంత్రాల వాడకం పరంగా ఇదే సరైన పద్ధతి, అందులో అనుమానం లేదు. పేరు పెట్టి పిలుచుకునే ఇంజను మాత్రం ఈ పద్ధతిలో పుట్టదు.

తరం మారితే పాత ఇంజను అన్న మాటకు అర్థమూ మారుతుంది. అరవై దాటినవారికి అది డబ్ల్యూపీ. నలభైల్లో ఉన్నవారికి డబ్ల్యూడీఎం-2. ఈ డీజిల్ 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. 2600 అశ్వశక్తి, పదహారు సిలిండర్లు. నాలుగు దశాబ్దాల పాటు దేశంలో అది లాగని బండి లేదు. ఢిల్లీ, హైదరాబాద్ మధ్య ఏపీ ఎక్స్‌ప్రెస్‌ను రెండు డబ్ల్యూడీఎం-2లు జోడెడ్లలా లాగడం కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఒక తరానికి కనులపండువ. ముందు కిటికీలు పెద్దవిగా ఉన్న కొన్నింటికి 'జంబో' అని ముద్దుపేరు కూడా ఉంది.

ఆల్కో గొంతు ఒకసారి వింటే మరచిపోరు. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి నాలుగు వందల చుట్లతో గుర్రుకొడుతూ, మధ్యమధ్య తాళం తప్పినట్టు ఊగుతూ ఉంటుంది. డ్రైవరు ఎనిమిది మెట్ల పిడిని పైకి తిప్పగానే గుప్పున నల్లపొగ లేస్తుంది. పొగ చూసి మురిసిపోయేవారు చాలామంది. దాని కారణం తెలిసినవారు కొందరే. ఇంధనం వెంటనే సిలిండర్లలోకి చేరుతుంది గానీ, దానికి తగ్గ గాలిని తోసే టర్బో పొగ ఊపుతోనే తిరగాలి కాబట్టి అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో సగం కాలిన డీజిలే ఆ నల్లపొగ. అంటే అభిమానులు వీడియోలు తీసి పంచుకునే ఆ ఘనమైన దృశ్యం ఇంజనీరు దృష్టిలో ఒక లోపం. తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4 వంటి ఇంజన్లు రెండు స్ట్రోకుల పద్ధతిలో, సన్నని ఈలతో, తక్కువ పొగతో, ఎక్కువ బలంతో పనిచేశాయి. వాటికి ఆల్కోకు ఉన్నంత అభిమానగణం లేదు. మంచి మార్కులు తెచ్చుకునే బుద్ధిమంతుడి కంటే అల్లరివాడే అందరికీ గుర్తుండిపోయినట్టు.

ఇరవైల్లో ఉన్నవారి పాత బండి ఇంకా కొత్తది. నీలిరంగు ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెలు వాళ్లకు బాల్యం. చెన్నై పెరంబూరులో ఆ రకం పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. కాజీపేట విద్యుత్ షెడ్డులోని డబ్ల్యూఏజీ-7 గూడ్సు ఇంజను, 1990ల నాటి డబ్ల్యూఏపీ-4 వీళ్లకు అప్పుడే ముసలివి. మూడు ఫేజుల ఇంజన్లలో తొలినాటివి కదిలేటప్పుడు సరిగమలు ఎక్కినట్టు మెట్లు మెట్లుగా పాడేవి. కరెంటును మోటార్లకు తగ్గట్టు మార్చే ఆ కాలపు కన్వర్టర్లలోని జీటీవో అనే ఎలక్ట్రానిక్ స్విచ్చుల చప్పుడు అది. ఐజీబీటీలనే కొత్త రకం స్విచ్చులు వచ్చాక ఆ పాటా తగ్గిపోతోంది. విద్యుత్ ఇంజనుకు ప్రాణం ఉండదని ఈసడించే పెద్దలు ఈ కుర్రాళ్ల చెవిని తక్కువ అంచనా వేస్తున్నారు.

పట్టాల చప్పుడు సంగతీ అంతే. బ్రాడ్‌గేజ్ పట్టా పొడవు పదమూడు మీటర్లు. రెండు పట్టాల అతుకు మీద చక్రం దాటినప్పుడల్లా 'టక్' మనేది. కిటికీ పక్క కూర్చుని 47 సెకన్లలో ఎన్ని అతుకులు దాటామో లెక్కపెడితే ఆ అంకే గంటకు కిలోమీటర్లలో బండి వేగం, పదమూడును 3.6తో హెచ్చవేస్తే వచ్చేది దాదాపు అదే మరి. పూర్వం గడియారం ఉన్న ప్రతి పిల్లవాడూ ఈ లెక్కతో చుట్టాలను ఆశ్చర్యపరిచేవాడు. పట్టాలను పొడుగ్గా అతికేసిన తర్వాత ప్రయాణం మెత్తబడింది, పట్టాల ఆయుష్షు పెరిగింది, లెక్క మాయమైంది.

ఇక పంచుకోవడం ఎలా జరుగుతుందో చూస్తే అందులో భలే తేడాలున్నాయి. ఒకరు అట్ట టికెట్లు కూడబెడతారు, ఒకరు పాత టైంటేబుళ్లు. కొందరు తెల్లవారుజామున బండి వచ్చే వేళకు మంచి వెలుతురు కోసం కాపు కాస్తారు. ఇంకొందరు చేతులతో నమూనాలు చేస్తారు, వాళ్ల బాధ వినితీరాలి. ప్రపంచమంతా వాడే హెచ్‌వో కొలతలో ఒకటికి 87 వంతు చిన్నదిగా బొమ్మ చేస్తారు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల పట్టాల వెడల్పును బట్టి పెట్టిన లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి మన బొమ్మ ఇంజనుకు పంతొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు కావాలి. అవి బజారులో దొరకవు. దాంతో మన డబ్ల్యూపీ బొమ్మ ఇరుకు చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నట్టు విదేశీ పట్టాల మీద నిలబడుతుంది. ఈ రెండున్నర మిల్లీమీటర్ల మీద రాత్రి పొద్దుపోయేదాకా చర్చలు జరుగుతాయి.

ఈ కూటముల్లో లోపాలూ ఉన్నాయి. మొదటిది, ఫొటోలన్నీ ఒకే మూస. మలుపు దగ్గర ఓ పక్కనుంచి తీసిన ఇంజను, వెనక పెట్టెల వరుస, పైన ఆకాశం. అందులో మనిషి ఉండడు. క్యాబ్ కిటికీలో డ్రైవరు ముఖం పడితే దాన్ని కత్తిరించేవాళ్లూ ఉన్నారు. రెండోది, ఫోనులో నాలుగు పేజీలు చదివిన కుర్రవాడు ముప్పై ఏళ్లు ఇంజను నడిపిన పెద్దాయనకు ఇంజను తరగతుల గురించి పాఠం చెప్పడం. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నంబర్లలో కుర్రవాడిదే ఒప్పు కావచ్చు కూడా. పెద్దాయన దగ్గర ఉన్నది నంబరు కాదని వాడికి తట్టదు. మూడోది ప్రాణాంతకం. మంచి ఫొటో కోసం పట్టాల మీదికి దిగడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అటుంచి, పాత బండి కంటే కొత్త విద్యుత్ బండి చాలా నిశ్శబ్దంగా వస్తుంది. ఆవిరి కాలంలో చెవి కాపాడిన మనిషిని ఇప్పుడు అదే చెవి మోసం చేస్తుంది.

పాత ఇంజన్లను కాపాడే పని దేశంలో జరగడం లేదని కాదు. ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ రైలు మ్యూజియం 1977 నుంచి ఉంది. హర్యానాలోని రేవాడీ షెడ్డులో డబ్ల్యూపీలను ఆవిరితో కదిలే స్థితిలో ఉంచారు. 1947 నాటి బాల్డ్‌విన్ ఇంజనుల్లో ఒకటి 'ఆజాద్' పేరుతో అక్కడే ఉంది. 1855 నాటి ఫెయిరీ క్వీన్‌ను 1997లో మళ్లీ పట్టాలెక్కించారు. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా కొండ రైళ్లకు యునెస్కో గుర్తింపు ఉంది. ఈ జాబితాలో మైదానపు ఊళ్లు లేవు. కొండ, మలుపు, టీతోట ఉన్న రైలు వారసత్వమైంది. బొగ్గు మోసిన రైలు తుక్కు అయింది. నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు వెళ్లే మీటర్ గేజ్ దారి వందేళ్లు నడిచింది, గేజ్ మార్పిడితో చడీచప్పుడు లేకుండా పోయింది. వైపీ, వైజీ ఇంజన్లు గోదావరి దాటుతుంటే బాసర యాత్రికులు చిల్లర నాణేలు నీళ్లలోకి విసిరిన జ్ఞాపకం ఉన్నవారు ఇంకా ఉన్నారు. నిజాం రైల్వే చేసిన ఇంకో పని అయితే చాలామందికి తెలియనే తెలియదు: 1932లో 27 బస్సులతో అదే రోడ్డు రవాణా మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీ బస్సు ఆ రైలు కడుపున పుట్టిందే.

స్టేషను ముందు దిమ్మె కట్టి, రంగు వేసి, గొలుసు చుట్టి ఇంజనును నిలబెట్టడం ఒక్కటే వారసత్వ రక్షణ అనుకుంటే పెద్ద చిక్కు ఉంది. నిప్పు లేని ఆవిరి ఇంజను ఉప్పు లేని పప్పు. దాని చుట్టూ తిరిగి బోర్డు చదివి, పిల్లవాడిని మెట్టు మీద నిలబెట్టి ఫొటో తీసి వచ్చేస్తాం. ఆ యంత్రం ఏం చేసేదో పిల్లవాడికి తెలిసే మార్గం లేదు. అయిదేళ్లకోసారి రంగు వేస్తే ఇనుము నిలుస్తుంది. నిప్పు ఏ రంగులో ఉంటే ఆవిరి సరిపోతుందో తెలిసిన మనిషికి మాత్రం రంగు వేసి నిలబెట్టుకోలేం. బ్రాడ్‌గేజ్ ఆవిరి ఆగి ముప్పై ఏళ్లు దాటింది. అప్పుడు ముప్పైల్లో ఉన్న ఫైర్‌మన్లకు ఇప్పుడు అరవై పైమాటే. కాజీపేట కాలనీల్లో, ఫాతిమానగర్ వైపు, సోమిడి వైపు అలాంటివారు ఇంకా ఉదయం నడకకు వస్తున్నారు.

కాజీపేటలో 2023 జులైలో అయిదు వందల కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో రైలు తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. దశాబ్దాలుగా ఈ ప్రాంతం అడుగుతున్న కార్ఖానా రూపం మారి వచ్చింది. అందులో చేరే కుర్రాళ్లకు పాత షెడ్డు మనుషులతో పరిచయం ఉండాలని ఏ నియమమూ లేదు, అవసరమూ లేకపోవచ్చు. రైలు ప్రియులకు మాత్రం ఇక్కడ చేతినిండా పని ఉంది. కెమెరాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి, తీరికా ఉంది, అడగవలసిన ప్రశ్నలు తెలిసినవాళ్లూ వాళ్లే. ఏ గని బొగ్గుకు నిప్పు తొందరగా గట్టిపడి గడ్డకట్టేది? వానాకాలంలో తడి బొగ్గుతో ఏం చేసేవారు? ఘన్‌పూర్ దాటాక ఏ మలుపు దగ్గర రెగ్యులేటర్ (ఆవిరిని వదిలే పిడి) తగ్గించేవారు? పండగ రాత్రి కాల్ బాయ్ వస్తే ఇంట్లో ఏమనేవారు?

ఒక్క జాగ్రత్త ఉంది. ఈ సంభాషణలను గొంతు వరకే రికార్డు చేస్తే సగం పోతుంది. నిప్పు ఎలా వేసేవారని అడిగితే ఫైర్‌మన్లు మాటలతో మొదలుపెట్టినా మాటలతో ముగించరు. కుర్చీలోంచి లేస్తారు. కుడికాలు వెనక్కి పెడతారు. చేతిలో లేని పారను బొగ్గులోకి దింపి, మణికట్టు తిప్పి, జొన్నరొట్టె అంచు సర్దినట్టు ఓ మూల మందంగా, నడుమ పలుచగా చల్లి చూపిస్తారు. వెంటనే ముఖం పక్కకు తిప్పుకుంటారు, తలుపు తెరిస్తే వచ్చే వేడికి.